బుల్‌బార్ ముందు నిలబడే పొరుగువాడు



మన శంషాబాద్ యౌవనస్థులు కొందరు పికప్ బండ్లను రాళ్లదారుల్లో, వాగుల్లో నడిపేలా మార్పించుకోవాలని ఆశపడుతున్నారు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటి బండి కంపెనీ నుంచే ఫోర్ బై ఫోర్‌తో దొరుకుతుంది. అది కొనుక్కోవడం తప్పు కాదు. దాన్ని ఇంకా ఎత్తు పెంచి, ముందు ఇనుప బుల్‌బార్ బిగిస్తేనే చిక్కు.

ఎత్తు పెరిగిన బండి మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ. బుల్‌బార్ తగిలితే నడిచే మనిషికి దెబ్బ గట్టిగా పడుతుంది. లోపలివాళ్లకు ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. అందుకే బుల్‌బార్లు చట్టవిరుద్ధమని, చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. ఇల్లు అతనిదే, పడిపోయే ప్రాణం మాత్రం పొరుగువానిది. బండీ అంతే. కొండదారి సరదా ఏ ఆదివారం సాయంత్రమో. మిగతా రోజులన్నీ ఆ బండి తిరిగేది ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, రోడ్డు దాటే కూలీల మధ్యే.

కాబట్టి ఆ డబ్బు మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టండి. బుల్‌బార్ ఉంటే ఈ వారమే విప్పించండి. మన బలం పొరుగువానికి భయం కాకూడదు. దేవుడు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.