సెకండ్ హ్యాండ్ కారు, మనోడే కదా అనే నమ్మకం

పోయిన ఎండాకాలం బోధన్ వెళ్ళేసరికి మా కాక ఫుల్ హుషారుగా ఉన్నాడు. కారు కొంటున్నాడట. "2015 మోడల్, డీజిల్, అరవై ఒక్క వెయ్యే తిరిగింది. మూడు లక్షల నలభైకి ఒప్పిచ్చిన" అన్నాడు. నలభై వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. కాగితం ఏమైనా రాసుకున్నావా కాకా అని అడిగితే నన్ను అదోలా చూసి, "మనోడే కదరా. కాగితం అడుగుతే ఏమనుకుంటడు?" అన్నాడు.

ఈ టపా రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, మెకానిక్‌ని కాదు. కానీ అరవై ఒక్క వెయ్యి తిరిగిన కారులో క్లచ్ పెడల్ మీద రబ్బరు అంతలా అరిగిపోతుందా అని డౌటొచ్చింది. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ 2023వి. అంతకుముందు ఎన్ని జతలు అరిగాయో దేవుడికెరుక. బండి నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి అడిగించాం. రెండేళ్ళ క్రితం సర్వీసుకి వచ్చినప్పుడే మీటరు లక్షా ముప్పై ఎనిమిది వేలు! అంటే ఈ కారు రెండేళ్ళుగా వెనక్కి నడుస్తోందన్నమాట :)

ఇంకోటి కూడా బయటపడింది. ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే ఆర్సీ మీద ఫైనాన్స్ ఇంకా ఉంది. అప్పు తీరిపోయిందని మధ్యవర్తి అంటాడు, బ్యాంకు ఎన్‌ఓసీ చూపించమంటే రేపు మాపు అంటాడు. అప్పు తీరినా ఫారం 35 ఇచ్చి హైపోథికేషన్ తీయించుకోకపోతే బండి మన పేరు మీదకి మారదు.

చివరికి బేరం క్యాన్సిల్. నలభై వేలల్లో పాతిక తిరిగొచ్చింది. మిగతా పదిహేను వేలూ ట్యూషన్ ఫీజు అనుకున్నాం.

జార్జ్ ఎకెర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సరిగ్గా పాత కార్ల మార్కెట్ మీదే ఒక పేపర్ రాశాడు. 2001లో నోబెల్ పంచుకున్నాడు. విషయం సింపుల్. బండిలో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు భయపడి అన్నిటికీ ఓ మధ్యరకం ధరే ఇస్తానంటాడు. మంచి బండి ఉన్నవాడు ఆ ధరకి ఇవ్వలేక తప్పుకుంటాడు. మిగిలేవి డొక్కులే. మన దగ్గర ఈ సమస్యకి మనం కనిపెట్టిన మందు "మనోడు". తెలిసినోడి ద్వారా కొంటే మోసం ఉండదని. కానీ మనోడు అనుకున్న క్షణం నుంచే మనం అడగడం మానేస్తాం. మధ్యవర్తికి కావల్సిందీ అదే.

మా వైపు ఇంకో తంతు ఉంది. ఆర్సీ ఉన్నాయన దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, బండి అమ్మేది తమ్ముడో బావమరిదో. "సంతకం అన్న వచ్చినంక పెడ్తడు తియ్" అంటారు. అన్న వచ్చేది రెండేళ్ళకి! ఫారం 29, 30 మీద ఓనరు సంతకం కావాలి. అది లేకుండా మొత్తం డబ్బులు ఇచ్చామంటే బండి మన వాకిట్లో, యాజమాన్యం ఇంకోడి పేరు మీద. బోధన్ నుంచి మహారాష్ట్ర బార్డర్ పక్కనే కాబట్టి ఎంహెచ్ 26 నాందేడ్ బళ్ళు కూడా చవగ్గా దొరుకుతాయి. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపి చూసుకుంటే ఆ చవక చాలావరకు ఎగిరిపోతుంది.

అమ్మేవాళ్ళకి కూడా ఒక మాట. పేరు మార్పించకుండా తాళాలిచ్చి డబ్బులు లెక్కపెట్టుకున్నంత మాత్రాన పని అయిపోదు. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్ళదే. కాబట్టి కాగితాలు అడిగితే ఫీలవ్వాల్సిన పని అమ్మేవాడికీ లేదు. నిజానికి అవి ముందు అడగాల్సింది అతనే. బండి అప్పగించిన రోజూ టైమూ వేసి రసీదు రాసుకుంటే, మర్నాటి చలానా ఎవరిదో కూడా గొడవుండదు.

ఇక నేను నేర్చుకున్న చిట్కాలు. ఇన్సూరెన్స్ కాపీలో నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన కొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతం అలా పెరుగుతుంది. ఒకే ఓనరు, పదేళ్ళ బండి, "చిన్న గీత కూడా పడలే" అంటూ బోనస్ సున్నా ఉంటే, ఏమైందన్నా అని అడగాల్సిందే. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2025 ఆగస్టులో కామారెడ్డి ఎలా మునిగాయో మనకి తెలుసు. ఓబీడీ పరికరం పెట్టినప్పుడు ఎర్రర్లు లేవని సంబరపడొద్దు. అమ్మేముందు చెరిపేసి ఉండొచ్చు. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చాలా బళ్ళలో కనిపిస్తుంది. అది పదో పదిహేనో ఉంటే అర్థం చేసుకోండి.

ఆన్‌లైన్లో "నేను ఆర్మీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ పంపితే బండి పంపిస్తా" అన్నవాడికి రూపాయి కూడా పంపకండి. డబ్బులు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. ఒకవేళ పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

బేరం సంగతి. మా కాక చేసిన తప్పు ముందు ధర మాట్లాడి తర్వాత బండి చూడటం. ధర ఒప్పుకున్నాక కనిపించే ప్రతి లోపాన్నీ మనమే సమర్థించుకుంటాం. ముందు నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఒకసారి నడిపి, మన మెకానిక్‌కి చూపించి, ఖర్చులు కాగితం మీద వేసుకోవాలి. టైర్లు ఇంత, క్లచ్ ఇంత, ఇన్సూరెన్స్ ఇంత. "ఇంకో పదివేలు తగ్గియ్యన్నా" అంటే అతను నవ్వుతాడు. ఈ లెక్క ముందు పెడితే జవాబు చెప్పాల్సొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన సంగతి కూడా గుర్తు చెయ్యండి. కొత్తది చవకైనప్పుడు పాతదానికి పాత రేటు ఎందుకిస్తాం? పసుపు డబ్బులో వడ్ల డబ్బులో చేతికొచ్చిన వారం మాత్రం బేరానికి పోకండి. మన జేబు సంగతి మనకన్నా ముందు వాళ్ళకి తెలుస్తుంది. అడ్వాన్స్ ఇస్తే బ్యాంకు ద్వారా ఇచ్చి, అప్పు తీరకపోయినా కాగితాలు తేడా వచ్చినా తిరిగివ్వాలని రెండు లైన్లు రాయించుకోండి.

ఆర్నెల్ల తర్వాత మా కాక ఇంకో కారు కొన్నాడు. ఈసారి నాతో పాటు మెకానిక్‌నీ తీసుకెళ్ళాడు. అమ్మినాయన ఆర్సీ, సర్వీసు పుస్తకం, బ్యాంకు ఎన్‌ఓసీ అడక్కముందే టేబుల్ మీద పెట్టాడు. కాక కాస్త మొహమాటంగా, "ఏమనుకోకు తమ్మీ, ఒక కాగితం రాసుకుందాం" అన్నాడు. ఆయన "నేనే అడుగుదామనుకున్న అన్నా" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ పాత మధ్యవర్తి కూతురి పెళ్ళి కార్డు మొన్న వచ్చింది. కాక వెళ్ళి కట్నం కూడా చదివించి వచ్చాడు. ఆ పదిహేను వేల మాట ఇద్దరూ ఎత్తలేదట. మనోడే కదా మరి!