తుపాకీ లైసెన్సుకు చూడాల్సింది మనిషినా, పుట్టుకనా?



తుపాకీ గోల మనకెందుకు అనుకోకండి. మామూలుగా 21 ఏళ్లు నిండందే చట్టం తుపాకీ ఇవ్వదు, మాలో చాలామందికి ఆ వయసే రాలేదు. మాకది అక్కర్లేదు కూడా. కానీ లైసెన్సుకైనా, పాస్‌పోర్టుకైనా, సర్కారు కొలువుకైనా విచారణ చేసేది పోలీసులే. అందుకే ఇది మన సంగతి కూడా.

1959 ఆయుధాల చట్టం ఏం చెబుతోంది? దరఖాస్తు వచ్చాక లైసెన్సిచ్చే అధికారి, జిల్లాల్లో మామూలుగా కలెక్టరు, దగ్గరి పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి. హింస కేసులో జైలుశిక్ష పడితే, శిక్ష ముగిశాక 5 ఏళ్ల దాకా తుపాకీ పట్టకూడదు. మతిస్థిమితం లేనివాళ్లకు ఇవ్వకూడదు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదు. కాదంటే ఎందుకో రాసిపెట్టాలి, దానిమీద అప్పీలుకి వెళ్లొచ్చు. కాదనే కారణాల్లో కులం, తెగ ఎక్కడా లేవు.

చట్టం బాగానే ఉంది. రిపోర్టు రాసే చేతి సంగతే మా భయం. మన బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసిన కాలంలో పుట్టిన సెటిల్‌మెంటు అది. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. ఊరిపేరు చెబితే మారే చూపు మాత్రం పూర్తిగా పోలేదు. సామాజిక నేపథ్యాన్ని బట్టి యాంత్రికంగా హిస్టరీ షీట్లు తెరవొద్దని 2024 మేలో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే మరి!

ఇంకోవైపు కర్ణాటకలో కొడవలకు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. 2029 దాకా పొడిగించారు కూడా. వాళ్లమీద మాకేం కోపం లేదు. కానీ పుట్టుకను బట్టి నమ్మడం, పుట్టుకను బట్టి అనుమానించడం, రెండూ ఒక్క చెట్టు కాయలే.

విచారణ వద్దని మేం అనట్లేదు, ఇంకా గట్టిగా ఉండాలంటున్నాం. 2019 సవరణతో లైసెన్సు గడువు 3 నుంచి 5 ఏళ్లకు పెరిగింది. ఈ మధ్యలో పెళ్లాన్ని కొట్టినవాడి మీద, పొలం గట్టు తగాదాలో బెదిరించినవాడి మీద కేసు పడితే? లైసెన్సు ఆపే అధికారం, రద్దుచేసే అధికారం చట్టంలోనే ఉన్నాయి. ఎన్నికలప్పుడు తుపాకులు డిపాజిట్ చేయించుకునే శ్రద్ధ మిగతా రోజుల్లోనూ ఉండాలి.

చూడాల్సింది వాడేం చేశాడని, ఎవరింట్లో పుట్టాడని కాదు. మీ ఊళ్లో ఏ పోలీసు విచారణలోనైనా తెగ పేరెత్తి కాదంటే, కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో తిరిగి రావొద్దు.

జై ఏకలవ్య. జై భీమ్.