బడి వాకిట సుంకమా?

సూరత్ మరమగ్గాల వెంట వలసపోయిన మన నేతకుటుంబాల పిల్లలకు అక్కడి నగరపాలక సంస్థ తెలుగు బడులు నడుపుతున్నది. అటువంటి ప్రభుత్వ బడులు వాహనాలు నిలిపినందుకు విద్యార్థుల వద్ద రుసుము తీసుకోవచ్చునా? కూడదు.

వ్యాపార మాల్‌లకే ఆ హక్కు లేదని 2019లో గుజరాత్ హైకోర్టు తీర్పు చెప్పింది. పార్లమెంటు 2009లో చేసిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదవ తరగతి వరకు చదువుకు అడ్డయ్యే ఏ రుసుమూ కూడదన్నది. తొమ్మిదవ తరగతిలో చేరే పేద బాలికలకు గుజరాత్ ప్రభుత్వమే సైకిళ్లిస్తున్నది. ఒక చేత్తో సైకిలిచ్చి, మరో చేత్తో దానిపై సుంకం అడగడం ఏపాటి సంక్షేమం?

ఇక మోటారు సైకిళ్లు. పద్దెనిమిదేండ్లు నిండనివారు 50 సి.సి. దాటిన బండి నడపడమే నేరం. రుసుము పుచ్చుకుంటే ఆ నేరానికి బడి రసీదు ఇచ్చినట్లే. స్థలం చాలకుంటే పాలకులు చూపాలి. పిల్లల జేబులు తడమరాదు.