మురుగు పారని పేటలు

ఏలూరు పురపాలక సంఘము 1866లో ఏర్పడినది. 2005లో నగరపాలక సంస్థ యైనది. ఇంత పాత సంస్థ యేలుబడిలో నేటికిని మురుగు చాలవరకు వీధికాలువలలోనే పారుచుండగా, నగరమున విలీనమైన శనివారపుపేట, తంగెళ్ళమూడి, వెంకటాపురము వంటి శివారు పేటల గతి వేరుగ వర్ణింపనేల? 2021 మార్చిలో నగరపాలక ఎన్నికలు జరిగియు, వ్యాజ్యముల వలన ఓట్ల లెక్కింపు జూలై దాక నిలిచినది. ఆ నాలుగు నెలలును ఏ డివిజను ఎవరిదన్న చర్చయే గాని మురుగు మాట నా చెవిని పడలేదు. వ్యాజ్యములు మా వృత్తికి జీవనాధారములు గనుక వానిని నిందింపజాలను.

మరుగుదొడ్లు కట్టించితిమి గదా యని కొందరందురు. నిజమే. 2014లో ఆరంభమైన స్వచ్ఛభారత్ వలన అవి పేదల యిండ్లకును వచ్చినవి; సామాన్యమైన మేలు కాదు. కాని దొడ్డిక్రింది గుంట మెట్టభూమిలో పనిచేయును. అచట నీరు మెల్లగ నేలలో నింకి, మిగిలినది ఎరువగును. కొల్లేటి యంచు పల్లమున వానకాలమందు కొలదిగ త్రవ్విననే నీరు తగులును. అప్పుడు గుంటలోనిది ఇంకకపోవుటయే గాక నేలలోని నీరే గుంటలోనికి వచ్చును. ఆ కలుషము ప్రక్కనున్న బోరునకు చేరును. సెప్టిక్ ట్యాంకు గలవారు దాని గొట్టమును వీధికాలువలోనికి విడుతురు. కాలువ తమ్మిలేటికి, తమ్మిలేరు కొల్లేటికి. 2002లో రామ్‌సారు ఒడంబడిక క్రింద లోకఖ్యాతి నొందిన సరస్సునకు మనము పంపు నైవేద్యమిది!

2020 డిసెంబరులో ఏలూరున వందలకొలది జనులు మూర్ఛలతో ఆసుపత్రి చేరిరి. అది మురుగు వలన కలిగినదని నే ననను. నిపుణులు సీసమును, నికెలును, పురుగుమందులను శంకించిరి. కాని ఆ వారము ప్రతియింటను వినబడిన ప్రశ్న నీళ్ళలో ఏమున్నదనియే.

భూగర్భ మురుగు పథకము లెచట వేసినను నడిబొడ్డున ఆరంభించి, శివారులను రెండవ దశకు విడుచుట రివాజు. రెండవ దశ యనగా వాయిదా యని కోర్టుపక్షులకు వేరుగ చెప్పనక్కరలేదు. పల్లమున వాలు చాలదు. పంపులతో మురుగు నెత్తి, శుద్ధిచేసి, పిదపనే ఏటికి విడువవలయును. ఖర్చు అధికమే; దానిని తొలి అంచనాలోనే చేర్చవలయును. వీధిలో గొట్టము వేసి, ఇంటినుండి దానికి కలుపుకొను ఖర్చు మీదే యన్నచో కూలివాడు కలుపుకొనడు, కాలువకే విడుచును. ఆ నాలుగు గజముల గొట్టమును గూడ నగరపాలక సంస్థయే వేయవలయును. ట్యాంకులోనికి రక్షణ లేక మనిషిని దింపరాదని 2013 చట్టము శాసించినది. గొట్టము రానిచోట ట్యాంకులు నిండుచునే యుండును. వానిలోనికి దిగువాడు ఏ పేటవాడో చదువరులకు తెలియనిది కాదు.

ఈసారి ఓటడుగ వచ్చు అభ్యర్థిని, మా పేట తొలి దశలో నున్నదా, ఇంటి గొట్టము ఖర్చెవరిది యని అడిగి, జవాబు వ్రాయించుకొనుడు.