గేటు దాటినా బాధ్యతే!

ఉప్పుగూడ గల్లీలో ఓ కారు బ్యాటరీ పాడైంది. యజమాని దాన్ని పాత సామాన్లవాడికి అమ్మేస్తే, ఇక కార్ల కంపెనీకి సంబంధం లేనట్టేనా?

ముందు ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. అక్కడ అసలు జాగ్రత్త పెయింట్ షాపులోనే. రంగుల్లో కలిపే ద్రావకాల ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. బాడీలు కడిగిన నీళ్లలో రసాయనాలు, అడుగున రంగుల మడ్డి. అందుకే ఆవిరిని బయటికి వదలకుండా కాల్చేయాలి. నీటిని శుద్ధి చేయాలి. మడ్డిని అనుమతి ఉన్న చోటికే పంపాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి. కరవుసీమలో ప్రతి బొట్టూ లెక్కే మరి!

కానీ ముప్పు గేటు దగ్గర ఆగదు. కార్లలో మామూలుగా వాడే బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. దాన్ని ఇళ్ల మధ్య పగలగొట్టి కరిగిస్తే ఆ పొగ, ధూళి పిల్లల మెదడుకే చేటు. అందుకే పాత బ్యాటరీల బాధ్యతను 2022 నిబంధనలు ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి కాలం తీరిన వాహనాలకూ అదే పద్ధతి.

మరి మన వంతు? కొత్త బ్యాటరీ కొన్న షాపులోనే పాతది ఇచ్చి రసీదు తీసుకోవడం. నాలుగు రూపాయలు తగ్గినా, గల్లీలో పిల్లలు చల్లగా ఉంటారు.