మన పైసలతో మనమీదే కేసులా?

కేసు పెట్టేది సర్కారు. వాదించేది సర్కారు వకీలు. ఆయన ఫీజు, పోలీసు జీపు డీజిలు, జైలు కూడు అన్నీ ఖజానా ఖర్చే. అంటే మన పన్నులే. రైల్‌రోకోలు చేసి ఏళ్లకేళ్లు వాయిదాలకు తిరిగిన మనకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాష్ట్రం వస్తే ఈ పీడ పోతుందనుకున్నాం. పోయిందా? 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో 152 మందిపై ఉపా కేసు పెట్టారు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు. 2020లోనే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్.సురేశ్ కూడా ఉన్నారు! 2023 జూన్‌లో సంగతి బయటపడి నలుగురూ నిలదీశాకే, హరగోపాల్‌పై కేసు ఎత్తేయమని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆదేశించారు. చనిపోయిన మనిషిని ముద్దాయిని చేసిన పోలీసులకు జీతమిచ్చింది ఎవరు? మనమే.

ప్రొఫెసర్ సాయిబాబా సంగతి చూడండి. 2014లో అరెస్టు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు విడుదల చేయమంటే మహారాష్ట్ర సర్కారు ఆ రోజే సుప్రీంకోర్టుకు ఉరికింది. మర్నాడు శనివారం సెలవైనా ప్రత్యేక బెంచి కూర్చుని తీర్పును నిలిపేసింది. 2024 మార్చిలో హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. అక్టోబరులో ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ పదేళ్లకు జవాబుదారీ ఎవరు?

ఖజానా తాళంచెవి శాసనసభ దగ్గరుంది. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం పద్దును సభ ఒప్పుకోవచ్చు, తగ్గించొచ్చు, తిరస్కరించొచ్చు. పోలీసు పద్దు వచ్చినప్పుడు మన ఎమ్మెల్యేలు ఈ షరతులు పెట్టాలి. హింస ఆరోపణ లేకుండా మాట మీద, రాత మీద, సభ మీద పెట్టే కేసుకు స్వతంత్ర కమిటీ ఒప్పుకోనిదే పైసా ఇవ్వొద్దు. ప్రత్యేక వకీళ్ల ఫీజుల లెక్క సభ ముందు పెట్టాలి. నిర్దోషులకు పరిహారమివ్వాలి. ఆ పరిహారానికి చట్టం చేయమని లా కమిషన్ 2018లోనే 277వ నివేదికలో చెప్పింది.

ఒక్క హెచ్చరిక. 2023 ఆగస్టులో అమెరికాలో రిపబ్లికన్ సభ్యుడు ఆండ్రూ క్లైడ్ కూడా నిధులు ఆపమన్నారు. ఎవరి కోసం? 2024 ఎన్నికలయ్యేదాకా ప్రధాన అధ్యక్ష అభ్యర్థుల విచారణకు ఫెడరల్ సొమ్ము ఇవ్వొద్దట. అప్పటికి ట్రంప్ మెడకు కేసులు చుట్టుకుని ఉన్నాయి. నాయకులకు అట్లాంటి గొడుగు పట్టమని మేం అడగడం లేదు. లంచం మేసినవాడిపై కేసు నడవాల్సిందే, ఏ పార్టీవాడైనా.

విద్యార్థులారా, ఉద్యోగులారా! బడ్జెట్ సమావేశాలకు ముందే మీ ఎమ్మెల్యే ఇంటికి పోండి. పోలీసు పద్దుకు చేయి ఎత్తేముందు ఏ షరతు పెడతావని అడగండి.