కెమెరాకు తగిన లెన్సు

పెండ్లి సంబంధము కుదుర్చునపుడు మనవారు ఎన్ని విధముల విచారింతురో మన మెఱుగుదుము. కెమెరాను, దానికి తగిలించు లెన్సును కొనునపుడు మాత్రము వెల యొక్కటియే చూతుము. వేర్వేరుగ మేలైనవే యైనను, కూడినపుడు రెండును పొసగకపోవచ్చును. కావున నీ మాసమున జోడును పరీక్షించు విధమును మనవి చేయుచున్నాము.

మా పొరుగింటి బాలిక యొకతె, ఇంటివారు కూడబెట్టి యిచ్చిన సొమ్ముతో నొక జోడు కొని, తొలుత తన నాయనమ్మకు ఫొటో తీసెను. ముఖము మసకగ నుండెను, చాయ పాలిపోయెను. ఆ వృద్ధురాలు చూచి, "ఈమె యెవరమ్మా?" అని యడిగెను. బాలిక చిన్నవోయి, లెన్సును తిరిగి యిచ్చివేయుటకు సిద్ధపడెను. పరీక్షింపక నిందింపరాదని చెప్పి, ఆమెను వెంటబెట్టుకొని కార్వానులోని టోలీ మసీదునకు పోతిమి.

గోలకొండ దారిలో 1671వ సంవత్సరమున కట్టిన యీ మసీదు ముఖభాగమున ఐదు కమానులు కలవు. వానిపై గచ్చుతో తీర్చిన సన్నని పనితనము లెన్సు వాడిమికి మంచి యొరగల్లు. అనుమతి గైకొని, కెమెరాను ముక్కాలి పీటపై గోడ కెదురుగ నిలిపి, మీట నొక్కిన రెండు సెకనులకు ఫొటో పడునట్లు అమర్చితిమి. లెన్సు కన్ను పూర్తిగ తెఱచి యొకటి, ఎఫ్ 8 కడ నొకటి, ఎఫ్ 22 కడ నొకటి తీసితిమి. మొదటిదానిలో నడుమ తేటగను, మూలలు మసకగను ఉండెను. రెండవది అంతటను తేటగ నుండెను. మూడవది మరల మసకబాఱెను. కన్ను మిక్కిలి చిన్నదైనచో వెలుగు అంచుల కడ వంగి చెదరుటయే దీనికి కారణము. ఇది లెన్సుల స్వభావమే గాని దోషము గాదు. ఒక్క మూల మాత్రమే ఎల్లప్పుడు మసకగ నున్నచో, లోపలి అద్దము ఒరిగినదేమో యని శంకింపవలెను. కెమెరా తనంతట గుఱిచూచినపుడు మసకగను, మనము చేతితో గుఱి సరిచేసినపుడు తేటగను వచ్చినచో, లోపము జోడు పొందికలో నున్నదని తెలియవలెను.

ఇక రంగు. లెన్సును మెత్తని గుడ్డతో తుడిచి, ఎండ తగులని వసారాలో తెల్లని వస్త్రముపై పసుపు, కుంకుమ, నీలిగుడ్డ, తమలపాకు పేర్చి ఫొటో తీయుడు. తెలుపునకే వేఱు చాయ వచ్చినచో, ఆ వస్త్రమును చూపి కెమెరాలో తెలుపును సరిచేయవచ్చును. తెలుపు సరియైన పిదపను కుంకుమ నారింజవలె నున్నచో, అది కెమెరా రంగులు కూర్చు తీరని యెంచవలెను.

కెమెరా రంగును మార్చుట నేటిది కాదు. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీల కొఱకు ప్రత్యేకముగ స్టూడియో తెఱచెను. దానిని ఒక ఆంగ్ల వనిత నడపెను. ఆ కాలపు గాజుపలకలు సాధారణముగ నీలమును మిక్కిలిగ, ఎఱుపును స్వల్పముగ గ్రహించెడివి. కావున కుంకుమబొట్టు నల్లగను, నీలిరైక వెలవెలబోయియు కన్పడెడివి. అది పలకల యశక్తి.

మా బాలిక కెమెరాలో నున్నది అశక్తి గాదు. మసీదు గచ్చు తేటగ వచ్చెను. కుంకుమ కుంకుమగనే యుండెను. ముఖము మాత్రమే యేల చెడెను? వెదకి చూడగా, ముఖమును నునుపుచేసి తెల్లబఱచు అమరిక యొకటి ముందుగనే తెఱచియున్నది. దానిని మూసి, నాయనమ్మను మరల వసారాలో కూర్చుండబెట్టితిమి. ఈ మాఱు ఫొటోలో నుదుటి ముడుతలు, చామనచాయ, వెండి వెండ్రుకలు ఉన్నవి యున్నట్లే వచ్చెను. ఆమె చాలసేపు చూచి, "మా యమ్మ పోలికే వచ్చినది" అనెను.

లెన్సు తిరిగి పోలేదు. సోదరీమణులారా! మీ యింటి పెద్దల ముఖములను పదిలపఱచుకొనుటకు ముందు, మీ కెమెరాలో నట్టి యమరిక యున్నదేమో నేడే చూచుకొనుడు.